దేవుడి డబ్బాలో తడి బియ్యం

ఎస్తేరురాణి ఓర్పు గురించి ఏలూరు తంగెళ్ళమూడిలో తెలియనివాళ్ళు లేరు. ఆ ఓర్పు మీద బొత్తిగా నమ్మకం లేని మనిషి ఎవరైనా ఉన్నారంటే అది ఎస్తేరురాణే.

పొద్దున్నే మునిసిపాలిటీ నీళ్ళు వచ్చేవేళకు మోటారు మొరాయిస్తుంది. దాన్ని బతిమాలి బామాలి పైన ట్యాంకు నింపేసరికి, అత్తగారు మార్తమ్మ పెరట్లో కుళాయి తిప్పి, తిప్పిన సంగతి మరచిపోయి, ఎక్కిన నీళ్ళన్నీ జామచెట్టుకు ధారపోసేస్తుంది. స్టవ్ మీద పాలు పెట్టి ఇటు తిరిగితే చాలు, ఆర్పేస్తుంది. ఆవిడ కళ్ళజోడు పప్పు డబ్బాలో దొరుకుతుంది, పప్పు గరిటె తలగడ కింద దొరుకుతుంది. తిన్న చెయ్యి తడి ఆరకముందే, ఇవాళ నాకు అన్నం పెట్టలేదేమే అమ్మాయ్ అని అడుగుతుంది. ఇన్నింటికీ ఎస్తేరు నోట ఒక్కటే మాట, "పోన్లెండి అత్తయ్యగారూ." ఆ మాట అనేటప్పుడు పళ్ళు ఎంత గట్టిగా బిగపట్టేదో ఏమో, దవడ నొప్పని పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన నోరంతా వెతికి, పళ్ళు రాళ్ళలా ఉన్నాయండి, మీరే దేన్నో కొరుకుతున్నారు అన్నాడు.

భర్త యేసుదాసు కొల్లేటి చేపల చెరువులకు మేత సరఫరా చేసే గోడౌన్‌లో సూపర్‌వైజరు. తెల్లవారకముందే బండెక్కి కైకలూరు రోడ్డు పట్టాడంటే మళ్ళీ దీపాలు పెట్టేవేళకే రావడం. మంచివాడే. కొందరు ఇంట్లో ఉండకపోవడం వల్ల మంచివాళ్ళుగా మిగిలిపోతారు, యేసుదాసు ఆ కోవలోని మనిషి. అమ్మ తికమకగా నాలుగు మాటలు మాట్లాడితే నవ్వేసి, పెద్దదైపోయింది కదే అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోతాడు. ఉన్న ఒక్క కూతురూ నర్సింగు చదువుకు విశాఖపట్నం వెళ్ళాక పగలంతా ఆ ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే.

వాళ్ళ చర్చి సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడగడానికి ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి పాలు, ఆయన వాటా. నెలాఖరు ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళు చర్చి వరండాలో దుప్పటి పరుస్తారు. ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చి అందులో గుమ్మరిస్తారు. ఆ బియ్యం కొంత పాస్టరుగారింటికి, కొంత దిక్కులేని ముసలివాళ్ళకు వెళ్తాయి.

మార్తమ్మది కొల్లేటి లంక గ్రామం. ఆ రోజుల్లో కొల్లేరు పొంగి ఇల్లు నడుములోతు మునిగితే, మొగుడు దోనె మీద పిల్లవాణ్ణీ వంటసామానునూ గట్టుకు చేర్చాడట. బడిలో తలదాచుకున్నవాళ్ళకు సర్కారువాళ్ళు కొలిచి పోసిన బియ్యంలోంచి కూడా మార్తమ్మ ఒక పిడికెడు తీసి కొంగున ముడివేసుకుందట. మనం మునిగితే ఆయన పాలు కూడా మునుగుతుందా అందట. ఆవిడకు చదువు రాదు. పాడే కీర్తనల్లో సగం చరణాలు ఆవిడ సొంత కవిత్వం. ఆవిడ భక్తంతా ఆ పిడికిట్లో ఉండేది. రోజు, పూట, ఒక్కోసారి కొడుకు పేరు కూడా జారిపోతున్నా, ఆ పిడికిలి మాత్రం జారలేదు. ఎస్తేరు బియ్యం గిన్నె గట్టు మీద పెట్టిన చప్పుడు వినపడితే చాలు, ఎక్కడున్నా వచ్చి, గుప్పెట నింపి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి డబ్బాలో వేసేది.

చిక్కల్లా, వేసిన సంగతి గుర్తుండకపోవడం దగ్గర వచ్చింది. వేసి, మూత పెట్టి, వీధి గుమ్మందాకా వెళ్ళివచ్చి మళ్ళీ వేసేది. మళ్ళీ వెళ్ళివచ్చి మళ్ళీ వేసేది. ఒక్కోరోజు ఎసరు మరిగేసరికి గిన్నెలో బియ్యం సగమయ్యేవి. ఎస్తేరు ఏమీ అనేది కాదు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసేటప్పుడు డబ్బాలో ఉండవలసినంత ఉంచి, మిగతావి తిరిగి బియ్యం డ్రమ్ములో పోసేసేది. సాయంత్రం ఆవిడ మళ్ళీ మొదలుపెట్టేది.

ఈ తంతు ఒకనాడు పక్కింటి నాగశ్రీ టీచరుగారు కిటికీలోంచి చూసింది. కూరగాయల బండి దగ్గర పాస్టరమ్మగారు కనిపిస్తే, మీ పద్ధతులు నాకంతగా తెలియవుగాని అంత ఓర్పు మా ఇళ్ళల్లో నేను చూడలేదండి అంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట పాస్టరు సత్యానందం గారి చెవిన పడింది. తాడేపల్లిగూడెంలో జరగబోయే స్త్రీల సదస్సులో దీర్ఘశాంతం, అంటే ఓర్పు గురించి మాట్లాడడానికి మనిషి కోసం చూస్తున్న ఆయన, ఇక వెతకడం మానేశారు.

ఎస్తేరు వద్దంది గాని, గట్టిగా వద్దనలేదు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ తను చేసేదాన్ని ఎవరో చూశారని తెలియడం ఆవిడకదే మొదటిసారి. లోపల ఎక్కడో ఒక దీపం వెలిగింది. ఆ వెలుగులో పని తేలికైంది కూడా. మధ్యాహ్నాలు అత్తగారు పడుకోగానే బైబిలు, తెల్లకాగితాలు ముందేసుకుని, ఓర్పు గురించి ఏం చెప్పాలో రాసుకుంటూ కూర్చునేది. ఆ రాతలో పడి దేవుడి డబ్బా మూత తీసి చూడడం మానేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మార్తమ్మకు పొడి బియ్యానికీ తడి బియ్యానికీ తేడా తెలియకుండా పోయింది. కడిగి నానబెట్టిన గిన్నెలో చెయ్యి పెట్టి, నీళ్ళు కారుతున్న గుప్పెటను అలాగే డబ్బాలో ఒలికించి మూత బిగించేది.

ఆ నెలాఖరు ఆదివారం సత్యానందం గారు ఆరాధన చివర, మన ఎస్తేరురాణమ్మగారు గూడెం సదస్సులో మాట్లాడబోతున్నారని ప్రకటించారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ చూపులు ఒంటిమీద ఉండగానే ఎస్తేరు వరండాలోకి వెళ్ళి, డబ్బా మూత తీసి, దుప్పటి మీద బోర్లించింది. బియ్యం రాలలేదు. అడుగున తట్టింది. డబ్బా ఆకారంలోనే ఒక ముద్ద ధబ్బున పడి, రెండుగా విరిగింది. లోపలంతా పచ్చని బూజు, మెదులుతున్న తెల్లపురుగులు. పుల్లని కంపు వరండా అంతా నిండింది. అప్పటికే అందరూ పోసిన బియ్యంలో అది కలిసిపోయింది.

ఎవరూ అరవలేదు. మా వైపు అరిచి తిట్టేవాళ్ళు తక్కువ, అండీ అంటూనే తోలు తీస్తారు. సమాజం కార్యదర్శి సరోజినిగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఎంతో మెల్లగా అన్నారు.

"ఇంట్లో మనం తినేవి మంచివే తింటాం కదండీ, ఎస్తేరుగారూ."

మార్తమ్మ పక్కనే నిలబడి, ఎవరివమ్మా ఈ పాడుబియ్యం అని అందరితోపాటు ఆశ్చర్యపోయింది.

అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు అంటారు. దుత్తమీద చూపినా ఎంతో బాగుండేది. ఎస్తేరు మర్నాటిదాకా సరోజినిగారి మాటను నమిలింది. సోమవారం పొద్దున్న మోటారు తిరగలేదు. గ్యాసు అయిపోయి, కొత్త బండ బిగించేసరికి పాలు విరిగాయి. నానబెట్టిన బియ్యం గిన్నె గట్టు మీద ఉంది. డబ్బాను రాత్రే తోమి, ఎండబెట్టి, పక్కన పెట్టింది. పప్పు కలుపుతూ వెనక్కి తిరిగేసరికి, మార్తమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. గుప్పెట్లోంచి నీళ్ళు శుభ్రమైన డబ్బాలోకి కారుతున్నాయి.

ఎస్తేరు చేతిలో ఇత్తడి గరిటె ఉంది. ఆ గరిటె ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో ఆవిడకు తెలియదని చెప్పడం అబద్ధమవుతుంది. తెలుసు. లేవడమూ తెలుసు, ఆపగలిగే క్షణం ఒకటి మధ్యలో ఉండడమూ తెలుసు. ఆ క్షణంలో ఆపలేదు. మణికట్టు ఎముక మీద ఠక్కున తగిలింది. గుప్పెట విడిపోయి బియ్యం నేలంతా చెదిరాయి.

"మీ చెయ్యి పడిపోనూ" అంది ఎస్తేరు.

మార్తమ్మ కేక వెయ్యలేదు. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని, కోడలి మొహంలోకి అలా చూసింది. తర్వాత వంగి, నేలమీద బియ్యం ఒక్కొక్కటే ఏరసాగింది. ఎస్తేరు గరిటె పడేసి ఆవిడ చేతులు పట్టుకోబోతే, ఆ చేతులు చటుక్కున వెనక్కి వెళ్ళిపోయాయి.

సాయంత్రానికి మణికట్టు కమిలి వాచింది. యేసుదాసు చూసి ఇదేమిటమ్మా అన్నాడు. మార్తమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని, గడపకు కొట్టుకున్నట్టున్నానురా, గుర్తులేదు అంది. జాగ్రత్తగా చూసుకోవే అని యేసుదాసు పెళ్ళానికి చెప్పి, తువ్వాలు అందుకున్నాడు. ఎస్తేరు కొబ్బరినూనె వెచ్చచేసి ఆ చేతికి రాసింది. రాస్తున్నంతసేపూ ఆ చెయ్యి బిగుసుకునే ఉంది.

మరచిపోయింది, దేవుడు మేలుచేశాడు అనుకుంది ఎస్తేరు. అన్నీ మరచిపోయే మనిషికి ఇదొక్కటీ గుర్తుంటుందా అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది. మర్నాడు బియ్యం గిన్నె గట్టు మీద కావాలనే చప్పుడయ్యేలా పెట్టింది. మార్తమ్మ రాలేదు. వరండాలో కూర్చుని వీధిలోకి చూస్తోంది. పిలిస్తే వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దేవుడి బియ్యం తియ్యరా అత్తయ్యగారూ అంటే, నువ్వు తియ్యమ్మా అని కుడిచెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఎస్తేరు కూర కలపడానికి గరిటె ఎత్తేసరికి ఆవిడ భుజాలు ముడుచుకుపోయాయి.

ఆ తర్వాత రోజూ అంతే. కుళాయి తిప్పి వదిలేయడం మానలేదు, పాల స్టవ్ ఆర్పడం మానలేదు, అన్నం తిని తినలేదనడం మానలేదు. దేవుడి డబ్బా ఒక్కటే మానేసింది. వరదలో మునగని పిడికిలి ఒక్క గరిటె దెబ్బకు మునిగిపోయింది. ఎస్తేరు తనే ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది గాని, ఎంత వేసినా ఆ డబ్బా ఖాళీగా ఉన్నట్టే ఉండేది. ఆవిడకిప్పుడు కావలసింది ఒక్కటే. ఆ ముసలి చెయ్యి మళ్ళీ అటు రావాలి. తడిగా వచ్చినా సరే, పదిసార్లు వచ్చినా సరే.

ఉండబట్టలేక శనివారం పొద్దున్న అత్తగారి మంచం దగ్గర కూర్చుని చెప్పేసింది. నేను మిమ్మల్ని కొట్టానండి, క్షమించండి అంది. మార్తమ్మ కోడలి తల నిమిరి, పక్క గదిలో యేసుదాసు గడ్డం గీసుకుంటున్న వైపు ఒకసారి చూసి నవ్వింది. నువ్వు నన్ను కొట్టడమేమిటే పిచ్చిదానా, కలగన్నావా అంది. మరచిపోయిన మనిషి పెట్టిన క్షమాభిక్ష చెల్లుతుందో చెల్లదో ఎస్తేరుకు తెలియలేదు. తల నిమిరింది కూడా ఎడమచెయ్యే.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచే రోజు. ఎవరితోనైనా గొడవ ఉన్నవాళ్ళు దాన్ని సరిచేసుకోకుండా బల్లలో చెయ్యి వెయ్యకూడదని వాళ్ళ నియమం. చెయ్యి వెయ్యనివాళ్ళ వైపు ఊరంతా ఓరకంటితో చూస్తుంది. రొట్టె పళ్ళెం తన వరస దగ్గరికి వచ్చినప్పుడు ఎస్తేరు తల వంచుకుని పక్కకు అందించేసింది. పక్కన కూర్చున్న మార్తమ్మ వెంటనే రొట్టె తీసుకోలేదు. పళ్ళెం వైపు చెయ్యి చాచబోయి, ఆగి, తీసుకోనా అన్నట్టు కోడలి మొహంలోకి చూసింది. ఎస్తేరు తల ఊపాకనే తీసుకుంది. దాన్ని ఎవరూ గమనించలేదు. గమనించనందుకు ఎస్తేరుకు ముందు హాయి అనిపించింది, ఆ హాయి మీద వెంటనే అసహ్యం వేసింది.

ఆరాధన అయ్యాక సత్యానందం గారు పక్కకు పిలిచి, బల్లలో చెయ్యి వెయ్యలేదేమమ్మా అని అడిగారు. ఒంట్లో నలతగా ఉందండి అంది. అబద్ధమాడిన నోటితోనే, సదస్సుకు వేరెవరినైనా చూసుకోండి అని కూడా అంది. కరపత్రాల్లో పేరు అచ్చయిపోయిందమ్మా, శనివారానికి ఒళ్ళు కుదుటపడుతుంది, ప్రార్థన చేస్తాను అన్నారాయన. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదని తెలిసే, ఎస్తేరు వందనాలండి అని చెప్పి వచ్చేసింది.

ఆ శనివారం అత్తగారిని నాగశ్రీ టీచరుగారికి అప్పగించి, తెల్ల చీర కట్టుకుని గూడెం బస్సెక్కింది. గుండుగొలను దాటేదాకా దేవుడా, ఈ బస్సు ఆగిపోతే బాగుండును అనుకుంది. బస్సు చక్కగా నడిచింది. హాలు నిండా ఆడవాళ్ళు. ఎస్తేరు లేచి నిలబడి, కాగితం తెరిచి, రాసుకున్నదంతా చెప్పింది. కుళాయి గురించి చెప్పింది. కళ్ళజోడు పప్పు డబ్బాలో దొరకడం చెబితే అందరూ నవ్వారు. అత్తగారు పదిసార్లు వేసిన బియ్యాన్ని ఆవిడ మనసు నొచ్చుకోకుండా తిరిగి డ్రమ్ములో పోయడం చెబితే చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. గరిటె దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగింది. ఆ ఆగడాన్ని కూడా వాళ్ళు దుఃఖమనుకున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. పల్లకీ దిగడానికి ఎస్తేరుకు కాళ్ళు రాలేదు. శాలువా కప్పారు.

భోజనాల దగ్గర ఉంగుటూరు నుంచి వచ్చిన ఒక చిన్న వయసు కోడలు ఆవిడను ఒక మూలకు తీసుకెళ్ళింది. చెప్పడానికి సిగ్గుగా ఉందండి, మొన్న మా అత్తగారి మీద చెయ్యి చేసుకున్నాను, అప్పటినుంచీ నిద్ర పట్టడం లేదు, మీలాంటివారు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యండి అంది. ఎస్తేరు ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టింది. అయ్యా, ఈ బిడ్డను క్షమించు అంది. నన్నూ అనే రెండక్షరాలు నాలుక చివరికి వచ్చాయి, బయటకు రాలేదు. కొట్టిన దోషం కంటే ఇది పెద్దదని ఆవిడకు అప్పుడే తెలిసింది. ఆ పిల్ల తేలికపడిన మొహంతో వెళ్ళిపోయింది. ఎస్తేరు విస్తరి ముందు కూర్చుని ఒక్క ముద్ద మింగలేకపోయింది.

ఏలూరులో దిగి ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. నాగశ్రీగారు గోడ మీదుగా తాళంచెవి అందించి, ఇప్పటిదాకా మీ ఇంట్లోనే ఉన్నానండి, పాలవాడు పిలిస్తే ఇప్పుడే ఇటొచ్చాను, పెద్దావిడ పడుకున్నారు అంది. ఎస్తేరు తలుపు తీసి లోపలికి వెళ్ళింది.

మార్తమ్మ పడుకోలేదు. వంటింట్లో బియ్యం డ్రమ్ము పక్కన పీట మీద కూర్చుని ఉంది. కళ్ళజోడు లేదు. గుమ్మంలో తెల్లచీర, శాలువా, చేతిలో బైబిలు కనపడగానే లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"వందనాలమ్మగారూ. సమాజం బియ్యం కోసం వచ్చారా? ఈ నెల మా ఇంట్లో బియ్యం లేవండి. ఏమీ అనుకోకండి."

నేనేనండి అత్తయ్యగారూ అనబోయింది ఎస్తేరు. ఎందుకు లేవండీ అని మాత్రం అడగగలిగింది. మార్తమ్మ వీధి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నా చెయ్యి తడిచెయ్యండి. దేవుడి బియ్యం పాడుచేశాను. మా కోడలికి కోపమొచ్చి ఒక్కటేసింది." మణికట్టు చూపించింది. అక్కడ మచ్చ పసుపురంగుకు దిగి ఉంది. "మీరు బయట అనకండేం. సంఘంలో దానికి మంచి పేరు, మంచి సాక్ష్యం ఉంది. ఇవాళ ఓర్పు గురించి చెప్పడానికి గూడెం వెళ్ళింది. ఇది తెలిస్తే దాని సాక్ష్యం పోతుంది. మంచి పిల్లండి. విసిగించేది నేనే."

గడపకు తగిలిందన్నదీ, కలగన్నావా అని నవ్వినదీ మరపు కాదు. పేరు, పూట, రోజు అన్నీ పారేసుకున్న మనిషి ఈ ఒక్క సంగతినీ పోగొట్టుకోకుండా పట్టుకుని, పట్టుకున్నదాన్ని ఎవరికీ కనపడకుండా దాచింది. కోడలి పేరు కాపాడడానికి దాచింది. కోడలు కూడా అదే దాచింది, అదే పేరు కోసం.

"ఆవిడ మిమ్మల్ని క్షమించమని అడగలేదాండీ?"

"అడిగిందండి పాపం. పక్కగదిలో అబ్బాయి ఉన్నాడు, వింటాడని ఏమీ లేదన్నాను."

"మరి మీరు క్షమించారా?"

"నేనెప్పుడో క్షమించానండి. ఈ చెయ్యే వినడం లేదు" అంది మార్తమ్మ, పెంకి పిల్ల గురించి చెప్పినట్టు. "డబ్బా దగ్గరికి పొమ్మంటే పోదు."

ఎస్తేరు నేలమీద మోకాళ్ళూని, బైబిలు పక్కన పెట్టి, చీర కొంగు రెండు చేతులా పరిచి పట్టుకుంది. డబ్బాలో వద్దండి, ఇందులో పెట్టండి అంది. మార్తమ్మ ఆ కొంగు వైపు చాలాసేపు చూసింది.

"మా కోడలు ఇంట్లో లేదు కదండీ?"

"లేదండి" అంది ఎస్తేరు.

మార్తమ్మ డ్రమ్ము మూత తీసింది. చెయ్యి లోపలికి వెళ్ళి, గుప్పెట నింపుకుని వచ్చింది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. పొడి బియ్యం సర్రుమని కొంగులోకి జారాయి. మూత పెట్టి, పీట మీద కూర్చుని, మళ్ళీ లేచి, ఇంకా పెట్టలేదు కదూ అని మళ్ళీ తీసింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఎస్తేరు వద్దనలేదు. కొంగు బరువెక్కుతోంది. కన్నీళ్ళు పడి బియ్యం తడుస్తాయేమోనని మొహం పక్కకు తిప్పుకుంది.

వీధిలో బండి ఆగిన చప్పుడైంది. మార్తమ్మ చెయ్యి డ్రమ్ములోనే ఆగిపోయింది. గుప్పెట్లో ఉన్నవి లోపలే వదిలేసి, గబగబా మూత పెట్టేసింది.

"మా కోడలొచ్చినట్టుంది. మీరు పెరటిదారిన వెళ్ళిపోండమ్మా" అని ఎస్తేరును చేత్తో తోసింది.

ఎస్తేరు పెరట్లోకి వచ్చి జామచెట్టు కింద నిలబడింది. బియ్యాన్ని కొంగున ముడివేసింది. లోపలికి వచ్చిన యేసుదాసు, ఎస్తేరు ఇంకా రాలేదా అమ్మా అని అడగడం వినపడింది. రాలేదురా, నేను దేన్నీ ముట్టుకోలేదు అంటోంది మార్తమ్మ. ఆ మాట విన్నాక ఎస్తేరు ఇంక ఆగలేదు. శాలువా తీసి చెట్టుకొమ్మ మీద పడేసి లోపలికి నడిచింది.

యేసుదాసు మొహం వెలిగిపోతోంది. పాస్టరుగారు ఫోన్ చేశారే, సదస్సులో అందరినీ ఏడిపించావంట కదా అన్నాడు. మార్తమ్మ కళ్ళు చికిలించి కోడల్ని పోల్చుకుని, వచ్చావా అమ్మా, అలిసిపోయావు, కూర్చో అంది.

ఎస్తేరు కూర్చోలేదు.

"ఏవండీ, అత్తయ్యగారి చేతికి తగిలింది గడప కాదు. నేను కొట్టాను. గరిటెతో కొట్టాను. చెయ్యి పడిపోవాలని తిట్టాను. రేపు చర్చిలో కూడా ఇదే చెబుతాను."

యేసుదాసు హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. భార్య వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఆ ఇంట్లో స్నానానికి వెళ్ళిపోవడం కుదరని సాయంత్రం అతనికి అదే మొదటిది.

"దాని మాట వినకురా" అంది మార్తమ్మ. "ఎండన పడి వచ్చింది, ఏదో అంటోంది. నన్నెవరు కొడతారు? ఇది కొడుతుందా నన్ను?"

అలా అంటూనే, కోడలు ఒక అడుగు దగ్గరికి వేసేసరికి, కుడిచేతిని కొంగు కిందికి లాక్కుని దాచుకుంది.